షిట్జూనా, పొమరేనియనా? నెలకు 3,000లో బెజవాడలో చిన్న కుక్కను పెంచగలమా?

సింగ్‌నగర్_రెండో_అంతస్తు

అందరికీ నమస్కారం. అజిత్‌సింగ్‌నగర్‌లో అద్దె ఇల్లు, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మేమిద్దరం, ఏడేళ్ళ పాప, మా అత్తగారు. పగలంతా అత్తగారు ఇంట్లోనే ఉంటారు. ఒక బెడ్‌రూమ్‌లో టన్ను ఏసీ ఉంది, రాత్రిళ్ళు మాత్రమే వేస్తాం. చిన్న కుక్కయితే ఇంటి ఓనర్‌ గారికి అభ్యంతరం లేదు, కానీ అరుపులు వినపడకూడదట.

ఒకేసారి పెట్టగలిగింది 20,000. ఆ తర్వాత నెలకు 3,000 దాటకూడదు. విచారిస్తే షిట్జూ 12,000 (కాగితాలు లేకుండా), పగ్ 10,000, పామ్ (పొమరేనియన్) 7,000 చెప్పారు. డాష్ (డాష్‌హండ్) కూడా ఉందన్నారు. పాపకు షిట్జూ మీద మనసు. చిన్న కుక్క కాబట్టి ఖర్చూ చిన్నదేగా అని మావారి లెక్క. అది నిజమేనా? ఇంట్లో వండింది పెడితే సరిపోతుందా?

పటమట_గ్రూమర్

కుక్కపిల్ల ధర ఒక్కసారి పోయే డబ్బు, దాన్ని కాసేపు పక్కన పెట్టండి. మన ఊళ్ళో నెలనెలా ఖర్చు ఎంతో తేల్చేవి రెండే: ముక్కు పొడవు, జుట్టు తీరు.

ముందు ముక్కు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి ఒగరుస్తూ, నోట్లో ముక్కులో తడి ఆరబెట్టుకుని వేడి దించుకుంటుంది. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఆ దారే ఇరుకు. దానికి తోడు గాలిలో తేమ ఉంటే ఎంత ఒగర్చినా తడి ఆరదు. రోహిణి కార్తెలో మన ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కిటికీలు మూసిన గదిలో కూలర్ పెడితే తేమ ఇంకా పెరుగుతుంది కాబట్టి అదీ పనికిరాదు. మిగిలింది ఏసీ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగలు 6 గంటలు అదనంగా వేస్తే నెలకు 130–150 యూనిట్లు. మీ వాడకం ఇప్పటికే 225 దాటి ఉంటే అవన్నీ యూనిట్ 8.75 శ్లాబులో పడతాయి. అంటే కరెంటు బిల్లు మీద వెయ్యికి పైనే. కుక్క ఖర్చు చెప్పేటప్పుడు దీన్ని ఎవరూ కలపరు.

ఇక జుట్టు. షిట్జూకి మన తల వెంట్రుకల్లా పెరుగుతూనే ఉంటుంది. రోజూ 10–15 నిమిషాలు కుదుళ్ళ దాకా దువ్వకపోతే చంకల్లో, చెవుల వెనక, తొడల మధ్య ఉండలు కడుతుంది. ఉండ కింద చర్మానికి గాలి ఆడదు. వానాకాలంలో అక్కడే ఫంగస్, వాసన, గోకుడు మొదలు. 5–6 వారాలకోసారి కటింగ్, స్నానం కలిపి సిటీలో సుమారు 900–1,500.

మీ 3,000లో షిట్జూ లెక్క చూడండి. మామూలు రకం మేత (ప్యాకెట్ డాగ్ ఫుడ్) 1,000, గ్రూమింగ్ నెలకు సగటున 1,000, గోమార్ల (టిక్స్) మందు 500, కంటి చుక్కలు 200, ఏడాది టీకాలు నెలకు పంచితే 170, నులిపురుగుల మందు 50. మొత్తం 2,920. జ్వరం వస్తే, చెవి చీము పడితే పెట్టడానికి మిగిలింది 80 రూపాయలు. ఎండాకాలం కరెంటు ఇంకా ఇందులో లేదు.

పగ్‌కి కటింగ్ ఖర్చు లేదు. కానీ ముఖం ముడతలు రోజూ తుడిచి ఆరబెట్టాలి, కళ్ళు బయటికి ఉబ్బి ఉంటాయి కాబట్టి గీతలు పడతాయి, ఊపిరి ఇబ్బంది షిట్జూ కంటే ఎక్కువ. ఏసీ గది లేని ఇంటికి పగ్‌ని నేనైతే సిఫారసు చేయను.

మన దగ్గర 7,000కి పామ్ అని అమ్మేది ఇంచుమించు ఎప్పుడూ ఇండియన్ స్పిట్జే. అది మంచిదే కూడా. ముక్కు పొడవు, తరతరాలుగా మన వాతావరణంలో పెరిగిన జాతి. జుట్టు రెండు పొరలు. వారానికి మూడుసార్లు దువ్వితే చాలు, కటింగ్ అక్కర్లేదు. ఎండాకాలం అని గుండు మాత్రం కొట్టించకండి. లోపలి మెత్తటి పొర ముందు పెరిగి, పై పొర కొన్నిసార్లు అతుకులు అతుకులుగా వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. ఏడాదికి రెండుసార్లు విపరీతంగా రాలుతుంది, ఆ వారాల్లో చీపురు చేతిలోనే ఉంటుంది.

స్పిట్జ్‌తో అసలు ఇబ్బంది అరుపు. మీ ఇంటి ఓనర్ షరతు గుర్తుంచుకుని చదవండి.

బ్రాడీపేట_4/14

పై లెక్కలో గ్రూమింగ్ వెయ్యి అనేది ఒప్పుకోను. బయట చేయిస్తేనే అంత. షిట్జూని ఇంట్లోనే పొట్టి జుట్టుతో ఉంచొచ్చు. కుక్కలకు వాడే క్లిప్పర్ 2,000–3,000లో వస్తుంది. మగవాళ్ళ గడ్డం ట్రిమ్మర్ ఆ జుట్టులో ఇరుక్కుని లాగుతుంది, అది వద్దు. 7ఎఫ్ బ్లేడు 3 మిల్లీమీటర్ల దాకా జుట్టు వదులుతుంది, ఇంటికి అదే సౌకర్యం. దానితో పాటు ఒక స్టీలు దువ్వెన, ఒక స్లిక్కర్ బ్రష్ (సన్నటి తీగల పళ్ళున్నది).

వరస ముఖ్యం. ముందు దువ్వాలి, చిక్కు పూర్తిగా పోయాక స్నానం, పూర్తిగా ఆరాక క్లిప్పర్. చిక్కు ఉండగా నీళ్ళు పోస్తే ఉండ బిగుసుకుపోతుంది, ఆ తర్వాత కత్తిరించడం తప్ప దారి ఉండదు. ఉండను కత్తెరతో కోయొద్దు. చర్మం ఉండలోకి లాక్కుని ఉంటుంది, తెగుతుంది. బ్లేడు 5 నిమిషాలకోసారి మీ మణికట్టు మీద ఆనించి చూడండి, చురుక్కుమంటే ఆపి చల్లారనివ్వాలి. కళ్ళ చుట్టూ, పాదాల వేళ్ళ మధ్య మాత్రం మొదటి రెండుసార్లు గ్రూమర్ దగ్గర చూసి నేర్చుకోండి.

ఇలా చేస్తే నెలకు 800 దాకా మిగులుతుంది. చప్పిడి ముక్కు గురించి చెప్పింది మాత్రం నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు.

పశువైద్యం_గన్నవరం

గ్రూమింగ్ మిగులు సంగతి అటుంచి, మీ 20,000ని ఎలా విడగొట్టాలో ముందు చూద్దాం. బడ్జెట్ తప్పేది ఎక్కువగా ఇక్కడే.

పిల్ల 7,000. మొదటి టీకాలు మూడు విడతలు (6–8 వారాలకు ఒకటి, తర్వాత 3–4 వారాలకొకటి, చివరిది 16 వారాలు నిండాక పడితే మేలు), ఫీజుతో కలిపి 2,500 దాకా. 3 నెలలకు రేబిస్, బూస్టర్ 500. నులిపురుగుల మందు 12 వారాల వయసు దాకా రెండు వారాలకోసారి, 6 నెలల దాకా నెలకోసారి, ఆపైన 3 నెలలకోసారి. మొదటి ఏడాదికి 500. గిన్నెలు, బెల్టు, పరుపు 1,500. ఆడ కుక్కపిల్ల అయితే గర్భసంచి తీసే ఆపరేషన్ ప్రైవేటులో 6,000–8,000. ఇక్కడికే మీ డబ్బు అయిపోయింది. పార్వో వస్తే?

పార్వో అంటే వాంతులు, రక్తంతో కంపుకొట్టే విరేచనాలు. టీకాలు పూర్తికాని పిల్లలకే ఎక్కువ. వైరస్ సోకిన 3–7 రోజుల్లో బయటపడుతుంది కాబట్టి కొన్న మొదటి వారంలోనే చాలామందికి ఈ దెబ్బ తగులుతుంది. రోజుకు సెలైన్, ఇంజక్షన్లు కలిపి 1,000–2,000, అలా 5 రోజులు. అందుకని పిల్లకు 7,000 పెట్టి మిగతాది సామానుకు పెట్టడం కంటే, ఏ ధరకు తెచ్చినా 8,000–10,000 ముట్టుకోకుండా పక్కన ఉంచండి. అది లేకపోతే కొనడం ఆరు నెలలు వాయిదా వేయడమే మంచిది.

మన దగ్గర రెండో పెద్ద ఖర్చు గోమార్ల జ్వరం. ఎర్లీకియా, బబీసియా అనే క్రిములు గోమారి కాటుతో వస్తాయి. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్ళు పాలిపోవడం, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి కనిపిస్తాయి. ఎర్లీకియాకి మందు సాధారణంగా 28 రోజులు వాడాలి. నాలుగో రోజుకే కుక్క లేచి తిరిగిందని ఆపేస్తే తిరగబెడుతుంది. పరీక్షలు, మందులు కలిపి 3,000–5,000. నెలకు 500 పెట్టి నివారణ బిళ్ళ వేయడం ఇంతకంటే చవక. 8 వారాల వయసు, 2 కిలోల బరువు దాటాకే ఆ బిళ్ళలు.

ఊళ్ళల్లో అలవాటు ఒకటుంది: గేదెలకు గోమార్లకు కొట్టే మందు నీళ్ళలో కలిపి కుక్కకు పూయడం. ఆ మోతాదు 5 కిలోల కుక్కకు విషం. అలా పూసిన కుక్కలు వణుకు, చొంగ, ఫిట్స్‌తో మా దగ్గరికి వస్తాయి. వద్దు. అలాగే గోమారి జీవితంలో ఎక్కువ భాగం కుక్క మీద కాదు, గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల సందుల్లో గడుస్తుంది. కుక్కకు మందు వేసి సందులు వదిలేస్తే రెండు వారాల్లో మళ్ళీ కనిపిస్తాయి. ఆ సందులు సిమెంటుతో మూసేయండి.

సింగ్‌నగర్ అన్నారు కాబట్టి ఇంకొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు మీ వైపు ఎన్నిరోజులు నిలిచాయో చూశారు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, కుక్క నుంచి మనుషులకూ అంటుతుంది. కలిపి వేసే టీకాలో లెప్టో భాగం ఉందో లేదో అడగండి, కొన్నింటిలో ఉండదు. మొదట రెండు మోతాదులు, ఆపైన ఏటా తప్పకుండా వేయించాలి.

ఖర్చు తగ్గే దారులు: గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిలో ఓపీ, ఆపరేషన్లు ప్రైవేటు కంటే బాగా తక్కువ, క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి. జూలై 6, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ కార్డు దాచండి, కార్పొరేషన్‌లో రిజిస్ట్రేషన్‌కి అదే ఆధారం.

సింగ్‌నగర్_రెండో_అంతస్తు

చాలా థాంక్సండీ. మావారు చదివి మాట్లాడలేదు. షిట్జూ పక్కన పెట్టినట్టే, పాపకు చెప్పడమే మిగిలింది. మూడు సందేహాలు. డాష్ సంగతి ఎవరూ చెప్పలేదు. స్పిట్జ్ అరుపు తగ్గుతుందా? ఇంటి తిండి కొలతలు చెప్పగలరా? మా అత్తగారు పెరుగన్నం పెడితే చాలంటున్నారు.

పటమట_గ్రూమర్

డాష్‌కి పొట్టి జుట్టు, పొడవు ముక్కు, గ్రూమింగ్ దాదాపు సున్నా. కింద ఇల్లయితే మొదట దాన్నే చెప్పేదాన్ని. వెన్ను పొడవు, కాళ్ళు కురచ కావడం వల్ల వెన్నుపూసల మధ్య డిస్కు జారే జబ్బు ఆ జాతికి ఎక్కువ. వెనక కాళ్ళు పడిపోతే ఆపరేషన్ ఖర్చు మీ బడ్జెట్‌కి అందదు. రెండు అంతస్తుల మెట్లు రోజుకు మూడుసార్లు దిగి ఎక్కడం దానికి కూడదు, ప్రతిసారీ 8–9 కిలోలు ఎత్తుకుని మోయాలి. మీరు మోసినా అత్తగారు మోయలేరు.

స్పిట్జ్ అరుపు పూర్తిగా పోదు, తగ్గుతుంది. అది చూసినదానికి, మెట్ల మీద విన్న అడుగులకు అరుస్తుంది. బాల్కనీ గ్రిల్‌కి కింద నుంచి రెండు అడుగుల ఎత్తు దాకా షీటు కట్టండి, వీధి కనపడకపోతే సగం గొడవ తగ్గుతుంది. పరుపు వీధి తలుపు పక్కన వేయకండి. కాలింగ్ బెల్ మోగగానే పరుపు దగ్గరికి వెళ్తే తినడానికి ఏదైనా దొరుకుతుందని నేర్పండి: రోజుకు పదిసార్లు, మీరే బెల్ కొట్టి, 3–4 వారాలు. అరిచినప్పుడు పెద్దగా కసిరితే మీరూ దానితో కలిసి అరుస్తున్నారనే అనుకుంటుంది. పగలంతా మనిషి ఉండే ఇల్లు కాబట్టి ఒంటరితనపు ఏడుపు మీకు ఉండదు, అదొక్కటి కలిసొచ్చింది.

పశువైద్యం_గన్నవరం

పెరుగన్నం విషం కాదు. కానీ అదొక్కటే పెడితే మాంసకృత్తులు, కాల్షియం చాలవు. ఎదిగే పిల్లకు కాళ్ళు వంకరపోతాయి, జుట్టు పలచబడుతుంది.

కొలత ఇలా. 5 కిలోలున్న, ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు రోజుకు దాదాపు 375 కేలరీలు. 7 కిలోలకు 480. వండిన అన్నం 100 గ్రాముల్లో 130, ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసంలో 165, కోడిగుడ్డుకు 70 పైన. అంటే 5 కిలోల కుక్కకు 100 గ్రాముల అన్నం, 100 గ్రాముల కోడి, ఒక గుడ్డు, కొద్దిగా ఉడికిన గుమ్మడి లేదా క్యారెట్, రెండు పూటలకు పంచి. కాల్షియంకి ఎండబెట్టి మెత్తగా పొడిచేసిన గుడ్డు పెంకు పావు టీస్పూను. ఇంత చేసినా జింకు, విటమిన్ డి, ఇ తక్కువే పడతాయి. అందుకే నేను చెప్పేది: ఒక పూట ప్యాకెట్ మేత, ఒక పూట ఇంటి తిండి. ఏడాది లోపు పిల్లకు మాత్రం పప్పీ మేతే ముఖ్యం, ఇంటి తిండి పావు వంతు దాటొద్దు.

పూర్తిగా మేత మీదే పెంచినా 7 కిలోల స్పిట్జ్‌కి రోజుకు 135 గ్రాములు, నెలకు 4 కిలోలు. కిలో 300 రకమైతే 1,200. దానికి గోమార్ల మందు 500, టీకాలు 170, నులిపురుగుల మందు 50, షాంపూ 100 కలిపితే 2,020. మిగిలిన 980 నెలనెలా వైద్యం డబ్బాలో వేయండి. షిట్జూకి, దీనికి తేడా అదే.

పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి (మన కూరల్లో ఇవి లేనిదేది, కాబట్టి కూర ముక్క ఏదీ వద్దు), ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, వండిన ఎముకలు. పులిహోరలో జీడిపప్పు ఏరి పెట్టే అలవాటున్న ఇళ్ళల్లో స్పిట్జ్‌లు 12 కిలోలకు లావెక్కి, మోకాలి చిప్ప జారి కుంటుతూ వస్తాయి. అలాగే ఈ చిన్న జాతులకు పాచి ఎక్కువ. వారానికి నాలుగుసార్లన్నా కుక్కల పేస్టుతో పళ్ళు తోమకపోతే నాలుగైదేళ్ళకు మత్తిచ్చి శుభ్రం చేయించాలి, 5,000 దాకా అవుతుంది. మనుషుల పేస్టు వద్దు.

ఎండదెబ్బ సంగతి కూడా అత్తగారికి చెప్పి ఉంచండి. తూలడం, చిక్కటి చొంగ, చిగుళ్ళు ఎర్రగా కమలడం కనిపిస్తే ముందు ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసి ఫ్యాన్ కింద ఉంచాలి, ఆ తర్వాతే ఆటో ఎక్కించాలి. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్ళు కాగి ఉంటాయి. ఒక బకెట్ పొద్దున్నే పట్టి బాత్రూమ్‌లో ఉంచుకోండి.

బ్రాడీపేట_4/14

కొనేటప్పుడు చూడాల్సినవి రాస్తున్నాను. 2017 కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. వయసు మాట నమ్మకండి, నోరు తెరిచి చూడండి. 8 వారాలకు 28 పాలపళ్ళూ వచ్చి ఉంటాయి. వెనక దవడ పళ్ళు లేకపోతే చిన్న పిల్లే. తల్లిని చూపించమనండి, స్పిట్జ్‌లో 6 కిలోల రకం, 12 కిలోలు దాటే రకం రెండూ ఉన్నాయి, పిల్లప్పుడు ఒకేలా కనిపిస్తాయి. టీకా కార్డులో సీసా మీది స్టిక్కర్ అంటించి, డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. పెన్నుతో తేదీ ఒక్కటే రాసి ఉంటే టీకా పడలేదనే లెక్కేసుకోండి. పొట్ట డోలులా ఉబ్బి, మిగతా ఒళ్ళు సన్నగా ఉంటే నులిపురుగులు. తోక కింద తడిగా, అంటుకుని ఉంటే తీసుకోవద్దు. 48 గంటల్లో డాక్టర్‌కి చూపిస్తాం, జబ్బుంటే వాపసు అని బిల్లు మీద రాయించుకోండి.

టీకప్ (కప్పులో పట్టేంత చిన్న) కుక్క అని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. అలాంటి జాతి లేదు. నెలలు నిండకుండా అమ్మే పిల్లలో, కడుపు మాడ్చినవో అయ్యుంటాయి.

సింగ్‌నగర్_రెండో_అంతస్తు

గుంటూరు కొరిటెపాడులో ఒకరు ఊరు మారుతూ రెండేళ్ళ ఆడ స్పిట్జ్‌ని ఉచితంగా ఇస్తామంటున్నారు. పిల్ల కాదని పాప మూతి ముడిచింది. 20,000 మిగులుతుందని మావారు వెంటనే ఒప్పుకున్నారు. ఏం చూసి తెచ్చుకోవాలి?

పశువైద్యం_గన్నవరం

మీ బడ్జెట్‌కి పిల్ల కంటే ఇదే నయం. పార్వో గండం చాలావరకు దాటింది, ఎంత బరువుంటుందో కంటికి కనపడుతోంది, ఎంత అరుస్తుందో వెళ్ళి ఒక గంట కూర్చుంటే తెలిసిపోతుంది. మీరు ఉండగా కాలింగ్ బెల్ కొట్టించండి.

ఆపరేషన్ అయిందో లేదో అడగండి. కాకపోతే చివరిసారి ఎప్పుడు ముట్టయిందో కనుక్కుని, ఆ తర్వాత రెండు మూడు నెలలకు చేయించండి. వదిలేస్తే వయసు పెరిగాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది, అప్పుడు అత్యవసరంగా కోయాలి, ఖర్చు రెట్టింపు. నడిపించి చూడండి, నాలుగైదు అడుగులకోసారి వెనక కాలు ఎత్తి గెంతితే మోకాలి చిప్ప జారుతోందని. బెల్టు లాగినప్పుడు బాతు అరిచినట్టు దగ్గితే గాలిగొట్టం బలహీనం. అలాంటిదానికి మెడ బెల్టు కాకుండా ఛాతీకి తగిలించేది వాడాలి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో గోమార్లు వెతకండి. తెచ్చాక సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) ఒకటి చేయించండి, 400–500లో అవుతుంది. ప్లేట్‌లెట్లు చూసుకుంటే చాలు.

వాళ్ళు ఇప్పుడు పెట్టే మేత ఒక వారానికి సరిపడా అడిగి తెచ్చుకోండి. మార్చాలంటే మొదటి రెండు రోజులు పావు వంతు కొత్తది, తర్వాత రెండు రోజులు సగం, ఆపైన రెండు రోజులు ముప్పావు, ఏడో రోజుకు పూర్తిగా. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, కొత్త చోటు బెంగో, జబ్బో, తిండో తేల్చుకోలేక మీరు అనవసరంగా ఆసుపత్రికి పరుగెత్తాలి.